నొప్పి లేని పుండు

కిందటి నవంబరులో నలుగురు స్నేహితులం మారేడుమిల్లి అడవికి వెళ్లి, వాగు ఒడ్డున గుడారాలు వేసుకుని రెండు రాత్రులు గడిపాము. ఏజెన్సీకి వెళ్తున్నామంటే ఇంట్లోవాళ్లకు మొదట గుర్తుకొచ్చేది మలేరియానే కనుక, దోమతెరలూ ఒంటికి రాసుకునే క్రీమూ మరచిపోకుండా పట్టుకెళ్లాము. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్న నేను రెండో రోజు మధ్యాహ్నం బొంగు చికెన్ తిన్న మత్తులో, కింద తువ్వాలైనా వేసుకోకుండా గడ్డి మీదే రెండు గంటలు నిద్రపోయాను.

తిరిగొచ్చిన పదకొండో రోజున చలితో జ్వరం మొదలైంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్లు ఎర్రబారడం, ఒళ్లంతా నలగ్గొట్టినట్టు ఉండడం చూసి దగ్గరలోని క్లినిక్‌లో మలేరియా, డెంగీ పరీక్షలు చేయించారు. రెండూ లేవన్నారు, అయినా ప్లేట్‌లెట్లు 70 వేలకు పడిపోవడంతో అది డెంగీయేనని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకున్నారు. అమ్మ పూటపూటా బొప్పాయి ఆకు రసం తాగించింది. ఆ చేదు గురించి చెప్పకపోవడమే మేలు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నాలుగు రోజులు చేసినా జ్వరం 103కు తగ్గలేదు. పైగా పొడి దగ్గు, ఆయాసం తోడయ్యాయి.

ఆరో రోజున ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి, "ఈమధ్య అడవికి గానీ పొలాలకు గానీ వెళ్లారా?" అని అడిగి, చొక్కా విప్పమన్నారు. ఎడమ చంకలో, సిగరెట్టుతో కాల్చినట్టు, చుట్టూ ఎర్రటి అంచుతో నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉంది. స్నానం చేసేటప్పుడు దాన్ని నేను ముందే చూశాను. నొప్పీ దురదా లేవు కనుక సెగగడ్డ ఎండిపోయిందనుకున్నానే తప్ప ఎవరికీ చెప్పలేదు.

అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు కుట్టినప్పుడు ఈ బాక్టీరియా ఒంట్లోకి చేరుతుందట. అది మన కణాల లోపలే బతుకుతుంది కాబట్టి, అంతకుముందు నాకు చేసిన రకం ఇంజెక్షన్లు దాని మీద పనిచేయవని ఆయన వివరించారు. రక్తాన్ని ఎలైజా పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు చొప్పున మొదలుపెట్టారు. రెండో రాత్రి చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. పాజిటివ్ అని రిపోర్టు వచ్చేసరికి నేను మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాను.

నీరసం మాత్రం మూడు వారాలు వదలలేదు. రెండో అంతస్తులోని ఇంటికి చేరేలోగా మెట్ల మీద ఒకసారి కూర్చోవలసి వచ్చేది. స్నేహితులకు ఫోన్ చేసి చంకలూ నడుమూ తొడల సందులూ చూసుకోమంటే, "ఒరేయ్, అద్దం ముందు ఈ విన్యాసాలేమిట్రా" అని నవ్వారు గానీ ముగ్గురూ చూసుకున్నారు, ఎవరికీ ఏమీ లేదు. ఆ యాత్రలో వేసుకున్న బట్టలు ఇంకా ఉతకకుండా సంచిలోనే ఉన్నాయని అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. సంచితో సహా వేడినీళ్లలో నానబెట్టింది.