బ్రహ్మకమలం కోసమైతే హేమకుండ్ ఎక్కండి

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లో అందరూ బ్రహ్మకమలం ఫొటోలు పంపమన్నారు. టికెట్ కొని, వానలో తడుస్తూ, లోయలో నడవగలిగినంత దూరం నడిచాను. పూలకేం, బోలెడున్నాయి. బ్రహ్మకమలం మాత్రం ఒక్కటీ కనబడలేదు. రాత్రి లోపల ఉండనివ్వరు కాబట్టి మళ్ళీ మేం బస చేసిన ఘాంగరియా ఊరికి ఈడ్చుకుంటూ వస్తే, మా లాడ్జి కుర్రాడు తాపీగా, "అది ఇంకా పైన పూస్తుంది దీదీ, హేమకుండ్ దారిలో చూడండి" అన్నాడు. ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!

హేమకుండ్ అంటే కొండ మీది సరస్సు, పక్కనే సిక్కుల గురుద్వారా. ఘాంగరియా నుంచి 6 కిలోమీటర్లే. కాకపోతే ఘాంగరియా ఉన్నదే 3,000 మీటర్ల ఎత్తులో, సరస్సేమో 4,000 దాటాక. దారంతా కంచరగాడిదల లద్దె, దాని మీద వాన. టీ నలభై రూపాయలు, అదీ రెండు గుక్కలు. సరుకంతా గాడిదల మీదే రావాలి కాబట్టి న్యాయమే అనుకోండి, అయినా ఉసూరుమంటుంది.

గుర్రాల దారి వదిలి మెట్ల దారి పట్టాక, ఊపిరి అందక ఒక బండకి ఆనుకుని నిలబడితే, మోచేతి పక్కనే ఉంది. మన కుండీల్లో రాత్రిపూట విచ్చుకునేది కాదు. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన జెముడు జాతి. ఇది పొద్దుతిరుగుడు కుటుంబంలోని మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మోకాలెత్తు కూడా లేదు, రాళ్ళ సందులోంచి లేచింది. పైకి రేకుల్లా కనిపించేవి రేకులు కావు, పువ్వుని కప్పి ఉంచే ఆకులు. లేత పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, బటర్ పేపర్‌లా పల్చగా, ఈనెలన్నీ కనబడుతూ. వేలితో కాస్త పక్కకి జరిపి చూస్తే లోపల ముదురు ఊదా రంగులో చిన్న చిన్న పూల గుత్తి. బయట ఇంత వాన కురుస్తున్నా లోపల చుక్క తడి లేదు. ఒక ఈగ హాయిగా కూర్చుని ఉంది, నేను చూస్తున్నా కదల్లేదు. ఆ పల్చటి ఆకులు వెలుతురుని రానిచ్చి, వానా చలిగాలీ తగలకుండా ఆపుతాయి, అందుకే లోపల కొంచెం వెచ్చగా ఉంటుంది. వాసన మాత్రం ఘాటు. తల్లో పెట్టుకునే రకం కాదు.

ఇంతలో వెనకాల వస్తున్న గుంపులో ఒకాయన, పైన గుళ్ళో పెడతానంటూ వంగి కాడ పట్టుకున్నాడు. వీపు మీద కండీలో, అంటే మనుషుల్ని మోసే బుట్టలో, ఒక ముసలావిడని మోస్తూ ఎక్కుతున్న పెద్దాయన అక్కడే ఆగి, "అరే భాయ్‌సాబ్, తుంచకండి!" అని ఒక్క అరుపు అరిచాడు. అంత బరువు మోస్తూ అంత గొంతెలా వచ్చిందో! బుట్ట బండ మీద ఆనించి, చెమట తుడుచుకుంటూ నాతో, "నందాష్టమికి ముందు మా ఊళ్ళో ఎవరూ వీటిని ముట్టుకోం దీదీ. ఆ రోజు చెప్పుల్లేకుండా పైకొచ్చి, అమ్మవారికి కావలసినవే కోస్తాం" అన్నాడు. నందాష్టమి వచ్చేది భాద్రపదంలో. అప్పటికి చాలా పూలు గింజ పట్టేస్తాయి కాబట్టి మొక్కకీ నష్టం తక్కువ. అడవి శాఖ బోర్డులు పెట్టకముందే వీళ్ళకి ఈ లెక్క ఉందన్నమాట. బుట్టలో ముసలావిడ మాత్రం, "ఒక్కటి కోస్తే ఏమవుతుందిరా" అని సణుగుతూనే ఉంది.

పైన గురుద్వారాలో పెట్టిన వేడి వేడి కిచిడీ తిని, టీ తాగాక ప్రాణం లేచొచ్చింది, పైసా తీసుకోలేదు. సరస్సు పొగమంచులో సగమే కనబడింది. కింద లాడ్జిలో అదే రోజు బకెట్ వేడినీళ్ళకి వంద రూపాయలు గుంజారు.

వెళ్ళేవాళ్ళు ఆగస్టులో వెళ్ళండి. గుర్రమెక్కితే మెట్ల దారిన వెళ్ళడం కుదరదు, నాకు పూలు ఎక్కువగా కనబడింది అటే. మధ్యాహ్నం రెండింటికల్లా పైనుంచి దింపేస్తారు కాబట్టి తెల్లారకముందే బయల్దేరండి, రెయిన్‌కోటు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ అమ్మేవి గంటలో చిరుగుతాయి.