తేగల పాతర: ఈ ఏడాది ఏం మార్చాను

సెప్టెంబర్ 7. చెరువు గట్టు మీది రెండు చెట్ల కింద రాలిన తాటిపండ్లు 31 ఏరుకొచ్చాను. నాలుగింటి పేసం (గుజ్జు) తీసి అమ్మ రొట్టె వేసింది. మిగతావి వారం రోజులు నీడన కుప్ప పోస్తే బాగా మెత్తబడి, టెంకలు చేత్తోనే ఊడివచ్చాయి. పండుకు రెండు మూడు చొప్పున, రొట్టెకు వాడినవాటివీ కలిపి, మొత్తం 84. పురుగు పట్టిన తొమ్మిది పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 15. తేగల కోసం టెంకల్ని మట్టిలో పూడ్చి పాతర వేశాను. పోయినేడాది అడుగు లోతే తవ్వాను. కింద గట్టి నేల తగిలి తేగలన్నీ వంకర తిరిగాయి. తాటి టెంక మొలక ముందు పైకి రాదు. గొట్టంలా బయటికొచ్చి, లోపలి పిలకను వెంటబెట్టుకుని నేలలోకి దిగుతుంది. ఆ లోతులో పిండి నింపుకున్నదే తేగ. అందుకే దానికి కావలసింది గుల్లగా ఉండే లోతు. ఈసారి తవ్వడం మానేసి, నేల మీదే మట్టీ ఇసుకా సగం సగం కలిపి రెండున్నర అడుగుల ఎత్తున మడి పోసి, చుట్టూ పాత ఇటుకలు పేర్చాను. వాన నీళ్లు కూడా నిలవవు. 60 టెంకలు పక్కపక్కనే పరిచి, పైన రెండంగుళాల మట్టి, దాని మీద గడ్డి. వాన లేని వారాల్లో రెండు బిందెల నీళ్లు.

మిగిలిన 15 చెట్ల కోసం. పొలం గట్టున పదడుగులకొకటి నేరుగా పాతేశాను. వేరు చాలా లోతుకు పోతుంది కాబట్టి తాటిమొక్కను పెంచి తర్వాత మార్చి నాటడం కష్టం.

అక్టోబర్ 20. మేనల్లుడి కోసం నాలుగు టెంకలు తీసి కత్తితో చీల్చాను. లోపలి గుంజు, అదే బుర్రగుంజు, తెల్లగా, స్పాంజిలా, ఎంత తియ్యగా ఉందో! తేగకు ఆహారం అదే, కాబట్టి ఆ నాలుగింటి తేగలు వదులుకున్నట్టే. వాడు తింటుంటే నాకేమీ అనిపించలేదు.

నవంబర్‌లో పొలం గట్టు మీద పందులు కెలికి నాలుగు టెంకలు పోయాయి. మిగతావాటి మీద తుమ్మకంప కప్పాను. ముందే చేయాల్సిన పని.

డిసెంబర్ 28. పాతర తీశాం. ఇటుకలు ఊడదీస్తే మట్టి దానంతటదే జారింది, ఒక్క తేగ కూడా విరగలేదు. 56 టెంకలకు 49 తేగలు, దాదాపు అన్నీ నిటారుగా. పొడవైనది 14 అంగుళాలు. సగం ఉప్పు వేసి ఉడకబెట్టాం, సగం కుండలో పెట్టి మంటలో కాల్చి తంపటి వేశాం. నా ఓటు తంపటికే, ఆ కమ్మటి కాలిన వాసన ఉడికించినవాటికి రాదు.

గట్టు మీది 11 టెంకలు ఇంకా నేలలోనే ఉన్నాయి. వచ్చే వానాకాలానికి చీలికలు లేని ఒంటి ఆకు పైకి రావాలి. పూత రావడానికి పదిహేనేళ్లయినా పడుతుంది. అప్పటిదాకా ఏది పోతుతాడో (మగ చెట్టు), ఏది పండుతాడో (కాయలు కాసే ఆడ చెట్టు) చూసి చెప్పలేం. అందుకే ఒకటీ రెండూ కాక ఇన్ని వేశాను. వేసవిలో ఆ గట్టుకు నీళ్లు మోయాలి.