దోర్దోన్‌లో నాన్న చూసిన బ్యారన్

ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరానికి మేమొచ్చి ఆరేళ్లయింది. అమ్మానాన్నలు మా దగ్గరికి మొదటిసారి వచ్చింది మాత్రం మొన్నటి వేసవిలోనే. ముందు పారిస్ తీసుకెళ్లాం. ఈఫిల్ టవర్ దగ్గర క్యూలు, మెట్రో మెట్లు, జనం... రెండో రోజుకే ఇద్దరూ అలిసిపోయారు. "చూసినకాడికి చాల్లే అమ్మాయ్, ఎక్కడన్నా ఒకచోట కూర్చుందాం" అన్నారు నాన్న. టంగుటూరు దగ్గర పల్లెలో నలభై ఏళ్లు పొగాకు పండించిన మనిషి ఆయన. కూర్చుందాం అనడం నేనెప్పుడూ వినలేదు. అందుకే మిగతా ఊళ్ల ప్లాన్లన్నీ పక్కనపెట్టి, జూలై మొదటి వారానికి దోర్దోన్ నది దగ్గర ఒక పల్లెటూరి ఇల్లు తీసుకున్నాం.

పల్లెల్లో సెలవులకు అద్దెకిచ్చే ఇళ్లను ఇక్కడ 'జీత్' అంటారు. వేసవిలో చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా, వారం లెక్కనే ఇస్తారు. దుప్పట్లు, తువ్వాళ్లు చాలాచోట్ల మనమే తీసుకెళ్లాలి, లేదంటే వాటికి విడిగా కట్టాలి. గిన్నెలు, పొయ్యి, ఫ్రిజ్ మాత్రం అన్నీ ఉంటాయి. రోజూ హోటల్ తిండి పడని అమ్మకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ప్రెషర్ కుక్కర్, కందిపప్పు, చింతపండు డిక్కీలో వేసుకుని బయల్దేరాం.

తులూజ్ నుంచి ఉత్తరంగా రెండున్నర గంటల ప్రయాణం. హైవే దిగాక రోడ్డు సన్నబడి, చెట్ల మధ్య మెలికలు తిరుగుతుంది. అక్కడి ఇళ్లన్నీ పసుపు సున్నపురాయితో కట్టినవి. సాయంత్రం ఎండ పడితే గోడలు బెల్లం పాకం రంగులోకి తిరుగుతాయి. మా ఇంటి ముందు పెద్ద వాల్‌నట్ చెట్టు, దాని కింద రాతి బల్ల. గోడ మందం మూరకు పైనే ఉంది. కిటికీలకు బయటివైపు లేత నీలం చెక్క తలుపులు. ఇంటి యజమాని డెబ్బై దాటిన రైతు, పక్కింట్లోనే ఉంటాడు. తాళాలిచ్చి, పగలు ఎండ ఎక్కకముందే ఆ తలుపులు మూసేయాలని, చల్లబడ్డాక తీయాలని చెప్పాడు. ఇంట్లో ఏసీ లేదు. నేను తర్జుమా చేసేలోపే నాన్నకు అర్థమైపోయింది. ఆ వారమంతా ఆ పని ఆయనదే.

మొదటి రోజు కొంచెం ఇబ్బంది పడ్డాం. కూరగాయలు ఆదివారం తెచ్చుకోవచ్చులే అనుకున్నాం. తీరా చూస్తే ఆ చుట్టుపక్కల ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఒక్క షాపూ తీసిలేదు. పొద్దున తెరిచే రొట్టెల దుకాణం ఒక్కటే దిక్కు. అమ్మ పప్పుచారు కాచింది, కరకరలాడే బాగెట్ రొట్టె ముంచుకుని తిన్నాం. మా పాపకు అది ఎంత నచ్చిందంటే తర్వాత రోజూ అదే అడిగింది. ఇటువైపు వెళ్లేవాళ్లు శనివారం దారిలోనే సరుకులు కొనుక్కోండి. షాపులోకి అడుగుపెట్టగానే "బోంజూర్" అనడం మాత్రం మరవద్దు. ఆ పలకరింపు లేకుండా నేరుగా వస్తువు అడిగితే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అమ్మకు వచ్చిన ఫ్రెంచ్ ఆ ఒక్క మాటే. దాంతోనే ఊరంతా పరిచయం చేసుకుంది.

సోమవారం పొద్దున నాన్న కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఇంటి వెనక, పొలం గట్టున ఉన్న పొడవాటి చెక్క కొట్టం ముందు నిలబడి ఉన్నారు. నల్లబడిన పలకలు, గోడ పొడుగూతా నిలువు చీలికలు. "ఇది బ్యారన్ అమ్మాయ్" అన్నారు. పొగాకు ఆరబెట్టే కొట్టాన్ని మావైపు అలా అంటారు. నేను గడ్డి కొట్టం అనుకున్నాను. "కాదు, వాసన చూడు" అన్నారు. పలకకు దగ్గరగా వెళ్తే నిజంగానే, చిన్నప్పుడు మా ఇంటి వెనక గదిలో ఉండే వాసన, చాలా పల్చగా.

ఇంతలో ముసలాయన వచ్చాడు. నాన్న తెలుగులో అడగడం, ఆయన ఫ్రెంచ్‌లో చెప్పడం, మధ్యలో నేను. పొగాకు మాటలకు నాకు ఫ్రెంచ్ రాదు, కానీ చేతులతోనే వాళ్లు సగం చెప్పుకున్నారు. దోర్దోన్ ఒకప్పుడు ఫ్రాన్స్‌లో పొగాకుకు పేరున్న జిల్లా. ఈ చెక్క కొట్టాలు ఇప్పటికీ పల్లెపల్లెనా కనిపిస్తాయి. మాది నిప్పు వేడితో క్యూరింగ్ చేసే, అంటే ఆరబెట్టి పదును చేసే వర్జీనియా ఆకు. కింద పొయ్యి, లోపల గొట్టాలు, రాత్రంతా కాపలా ఉండి థర్మామీటర్ చూసుకోవాలి. ఇక్కడ ఆయన వేసింది గాలికి ఆరే నల్ల పొగాకు. మొక్కను మొదలంటా నరికి తలకిందులుగా వేలాడదీస్తే వారాల తరబడి ఆరుతుంది. నిప్పు లేదు. ఎండ కాస్తే గోడ పలకలు తెరవాలి, తేమ పెరిగితే మూయాలి. అదే అక్కడి క్యూరింగ్. "అంటే రాత్రిళ్లు నిద్రపోవచ్చన్నమాట" అన్నారు నాన్న. ముసలాయనకు ఆ మాట చెబితే, వాన మబ్బు కనిపిస్తే నిద్ర ఎక్కడ పడుతుందన్నాడు.

ఫ్రాన్స్‌లో చాలాకాలం పొగాకు మొత్తం ప్రభుత్వం చేతుల్లోనే ఉండేది. వేయాలంటే అనుమతి కావాలి. అధికారులు పొలంలోకి వచ్చి మొక్కల్నే కాదు, ఆకుల్ని కూడా లెక్కపెట్టేవాళ్లట. నాన్న వెంటనే మన పొగాకు బోర్డు గురించి చెప్పారు. 1976లో గుంటూరు కేంద్రంగా వచ్చింది, బ్యారన్ రిజిస్ట్రేషన్, ఒక్కో బ్యారన్‌కి ఇంతే పండించాలని కోటా, వేలం కేంద్రంలో బేలు (పొగాకు కట్ట) ముందు నిలబడి ధర కోసం గుండె చిక్కబట్టుకోవడం. ఇద్దరూ తలలూపుకున్నారు. దేశంలో చివరి పొగాకు ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ ఇదే జిల్లాలోని సార్లా ఊళ్లోనే ఉండేదని, 2019లో అదీ మూతపడిందని ముసలాయన చెప్పాడు. ఆయన అప్పటికి చాలా ముందే పొగాకు మానేసి వాల్‌నట్ తోట వేశాడు. పొగాకు మనుషులకు చేసే చెడు నాకు తెలుసు, ఆ పంట తగ్గడం మంచిదేనని నమ్ముతాను. కానీ నా చదువు ఫీజు కట్టింది ఆ ఆకే. ఖాళీ కొట్టం ముందు ఆ ఇద్దర్నీ చూస్తుంటే గొంతు పట్టేసింది.

సార్లాలో బుధవారం, శనివారం సంత. ఊరి మధ్యలో ఉన్న పాత చర్చిని ఇప్పుడు కూరగాయల మార్కెట్‌గా మార్చారు. పైకప్పును తాకేంత ఎత్తు ఉక్కు తలుపులు దానికి. బాతు మాంసం, బాతు కాలేయం అక్కడి ప్రత్యేకత. అవి మేము కొనలేదు. కాకుంటే టమాటాలు, చిన్న బిళ్లల్లా ఉండే మేక పాల చీజ్, వాల్‌నట్ నూనె, వాల్‌నట్ పప్పు కొన్నాం. అమ్మ ఆ పప్పును ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో దంచి కారప్పొడి చేసింది. వేరుశనగ పొడి కంటే కమ్మగా వచ్చింది. ఒక సీసా పక్కింటికి ఇచ్చొచ్చింది.

గురువారం లాస్కో గుహ. ఇది వివరంగా చెప్పాలి. 1940 సెప్టెంబరులో మోంతిన్యాక్ దగ్గర నలుగురు కుర్రాళ్లకు ఒక కన్నంలోంచి ఈ గుహ దొరికింది. లోపల సుమారు 17 వేల ఏళ్ల నాటి బొమ్మలు. జనం పోటెత్తడంతో వాళ్ల ఊపిరికే గోడలు పాడవడం మొదలైంది. 1963లో మూసేశారు. ఇప్పుడు మనం చూసేది 2016లో తెరిచిన పూర్తి నమూనా. నమూనాయే కదా అని నేను తేలిగ్గా అనుకున్నాను. లోపలికి వెళ్లాక ఆ చీకటి, చల్లదనం, ఎగుడుదిగుడు రాయి మీద పరుగెత్తే జంతువులు చూసి మాట రాలేదు. అన్నిటికన్నా పెద్ద ఎద్దు ఐదు మీటర్లకు పైనే ఉంది. నాన్న దాని కింద ఆగిపోయారు. ఒంగోలు గిత్తల మధ్య పుట్టి పెరిగిన మనిషి. కాసేపటికి "మూపురం లేదు చూశావా" అన్నారు. అవి ఆరాక్స్ అనే అడవి ఎద్దులు. చివరిది 1627లో పోలండ్‌లో చనిపోయింది. "మూపురం లేకపోతేనేం, ఆ మెడ చూడు, ఆ గిట్ట చూడు. దగ్గరుండి మేపినోడు కూడా ఇంత బాగా గీయలేడు" అన్నారు. ముందు కదలమని గైడ్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కోటలు ఆ దారంతా ఉన్నాయి. నదికి ఇవతల బేనాక్, అవతల కాస్తెల్నో, ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన వందేళ్ల యుద్ధంలో ఒకదాని మీద ఒకటి కన్నేసి ఉంచిన శత్రువుల కోటలు. మేము ఎక్కలేదు, అమ్మ మోకాళ్ల నొప్పికి అవి కుదరవు. లా రోక్ గజాక్ అనే ఊళ్లో, కొండను ఆనుకుని వరసగా ఉన్న ఇళ్ల ముందు, గబార్ అనే వెడల్పాటి చెక్క పడవ ఎక్కాం. పూర్వం పైనుంచి కలప దింపిన పడవలు ఎదురు ప్రవాహంలో తిరిగి వెళ్లలేక, చివరికి వాటినే విప్పి కట్టెలుగా అమ్మేసేవాళ్లట.

అమ్మకు బాగా గుర్తుండిపోయింది మిలాండ్ కోట. గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్ ఇల్లది. వేర్వేరు దేశాలకు చెందిన పన్నెండు మంది పిల్లల్ని దత్తత తీసుకుని ఇక్కడే పెంచింది. అప్పులతో ఇల్లు పోయి, 1969లో ఆమెను బయటికి పంపేశారు. ఇంటి మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆమె ఫోటో ఉంది. "పన్నెండు మంది పిల్లల తల్లి" అని మాత్రం అంది అమ్మ, ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి. 2021లో ఆమెను దేశం గౌరవించే మహనీయుల సరసన పారిస్ పాంథియోన్‌లో చేర్చారని చెప్పాను. "బతికున్నప్పుడు ఆ ఇల్లు ఉంచి ఉంటే బాగుండేది" అంది.

మిగతా సమయమంతా చెట్టు కిందే గడిచింది. తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోదు. నాన్న రాతి బల్ల మీద పాపకు పులిజూదం గీసి నేర్పారు. మధ్యాహ్నాలు చీకటి గదిలో మూడేసి గంటలు నిద్రపోయారు. ఆయన పగలు పడుకోవడం నాకు తెలిసి ఆసుపత్రిలో తప్ప లేదు.

శుక్రవారం సాయంత్రం సామాన్లు సర్దుతుంటే కొట్టం వైపునుంచి చెక్కలు కిర్రుమన్న చప్పుడు. వెళ్లి చూశాను. ముసలాయన ఒక చివర, నాన్న ఒక చివర, గోడ పలకలు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. లోపల వేలాడుతున్నదేమీ లేదు, దూలాలు తప్ప. పడమటి ఎండ సన్నని చారలుగా నేలంతా పరుచుకుంది. చివరి పలక బిగుసుకుపోతే ఇద్దరూ కలిసి భుజం వేసి తోశారు.