పులికాట్ మీద ఐదు లీటర్ల డబ్బా

2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి గనుక, పులికాట్ సరస్సు ఇప్పుడు మీ ఊరి చెరువే కదా అని మా పిన్నమ్మ కొడుకు నన్ను తరచూ ఎగతాళి చేస్తుంటాడు. అతడు తడ మండలంలోని భీములవారిపాలెం రేవు నుంచి ఇరకం దీవికి, పక్షుల కాలంలో సందర్శకులతో సరస్సులోకి, ఒక చిన్న ఫైబరు పడవ నడుపుతాడు. తిరుపతిలో మోటారు మరమ్మతుల మీద బతికే నన్ను ఈ శీతకాలంలో అతడు కోరింది ఒక్కటే. "అన్నా, నడినీళ్లలో ఇంజను నిలిచిపోతే గట్టుకు చేరేదానికి చాలినంత సామాను, సీటు కింద పట్టేటట్టు ఒక డబ్బాలో సర్ది తీసుకురా."

పడవ సామాను గురించి పుస్తకాల్లో కనిపించే జాబితాలు చాలావరకు రోజుల తరబడి సముద్రం మీద ఉండే పెద్ద నావల కోసం రాసినవి. అవి మనకు పనికిరావని కాదు గాని, ఏ పడవకు ఏది చెడుతుందో తెలియకుండా వాటిని పట్టుకుని బజారుకు వెళితే డబ్బా కాదు, బీరువా కావాలి. మా తమ్ముడిది తాడు లాగితే నడిచే, గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిలు ఇంజను. అందువల్ల స్పార్కు ప్లగ్గు, దాని పానా, నీటి పంపులో వేసే రబ్బరు చక్రం వంటివన్నీ ఆ జాబితాల నుంచి మొదటే కొట్టివేశాను. ఆ తరువాత అతడి చేత ఇంజను మీద ఉన్న ప్రతి నట్టుకూ పానా పెట్టించి, కొలతలన్నీ కాగితం మీద రాయించి, ఆ కాగితం ఫొటో ఫోనులో తెప్పించుకున్నాను. అంత ఇంజనుకూ నాలుగు కొలతల కంటె ఎక్కువ లేవు.

తిరుపతి బజారులో హార్డ్‌వేర్ అంగడి ఆయన "సామీ, విడిగా ఎందుకు, సెట్టు తీసుకుంటే చవక గదా" అని పెట్టె తెరిచి చూపించాడు. ఆ మాట నిజమే అయినా, అందులో మూడు వంతులు ఆ పడవ మీద ఏనాడూ చేతికి రానివి, ఊరికే బరువు పెంచేవి. కావలసిన కొలతల్లో రింగు పానాలు, ఒక సర్దుబాటు పానా, కటింగ్ ప్లయరు, రెండు వైపులా మొన తిరిగే స్క్రూడ్రైవరు, పళ్లున్న కత్తి, రెండు హాక్సా బ్లేడ్లు తీసుకున్నాను. బ్లేడ్లను సగానికి విరిచి, పట్టుకునే చోట మందంగా టేపు చుడితే, ఫ్రేము లేకుండానే ఇరుకు సందుల్లో కోయడానికి వీలవుతుంది. ఉక్కు పానాలు ఉప్పునీటికి తుప్పు పడతాయని స్టెయిన్‌లెస్ స్టీలువి వెతికేవారు ఉన్నారు. చవకరకం స్టెయిన్‌లెస్ పానా మొండి నట్టు దగ్గర నోరు తెరుచుకుంటుంది కాబట్టి, నూనె పూసిన మంచి ఉక్కునే నేను నమ్ముతాను. గొట్టాల క్లిప్పులు మాత్రం స్టెయిన్‌లెస్‌వే ఉండాలి, ఎందుకంటే అవి ఎప్పటికీ తడిలోనే ఉండిపోయేవి.

పడవ అడుగున చిల్లిపడితే కొట్టడానికి మొన తేలిన చెక్క బిరడాలు అవసరం. వాటి కోసం ఎర్రచందనం బొమ్మలు చెక్కే ఒకాయన దగ్గరికి వెళ్లి, ఆ కర్ర తప్ప వేరే ఏదైనా మెత్తని చెక్కతో చేసి ఇమ్మంటే ఆయన నవ్వాడు. ఎర్రచందనం రాయిలాగా నీటిలో మునుగుతుంది. బిరడాకు కావలసినదేమో తడికి ఉబ్బి రంధ్రాన్ని బిగించే మెత్తదనం. తిరుపతిలో ఎర్రచందనాన్ని వద్దన్నవాణ్ణి నేనే మొదటివాణ్ణయి ఉంటాను. బిరడాలతో పాటు ఎంసీల్, పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీలు, కట్టుతీగ, స్టార్టరు కోసం నైలాను తాడు, డీజిలు లైను బోల్టులకు వేసే రాగి వాషర్లు, నీటిలో తిరిగి పడవను నెట్టే పంకాను బిగించే పిన్నులు సర్దాను. ఎంసీల్ గట్టిపడడానికి సమయం పడుతుంది కనుక నీరు దూసుకువస్తున్నప్పుడు మొదట బిరడా, గుడ్డ. దాని మీద ఎంసీల్.

డబ్బాగా ఐదు లీటర్ల వెడల్పు మూతి ప్లాస్టిక్ జాడీని ఎంచుకున్నాను. మూత బిగిస్తే, జాడీతో కలిపి మొత్తం బరువు ఐదు కిలోలు దాటనంతవరకు అది నీటిలో తేలుతుంది. ఉప్పునీటిలో ఇంకొంచెం నయం. ఇంట్లో నీళ్ల తొట్టిలో వేసి చూస్తే, మూతి పైకి ఉండేటట్టు నిలకడగా తేలింది. ప్రతి పనిముట్టుకూ ఒక మూర తాడు కట్టాను, ఎందుకంటే పులికాట్ అడుగు బురదలోకి జారిన పానా మళ్లీ దొరకదు.

తెల్లవారుజామున తిరుపతి నుంచి బయలుదేరి శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడకు, అక్కడి నుంచి ఆటోలో భీములవారిపాలెం చేరాను. రేవులో తమ్ముడు డబ్బా కంటె ముందు చూపించినవి మూడు: మనిషికొకటి చొప్పున లైఫ్ జాకెట్లు, పొడవైన గెడ, నీళ్లు తోడడానికి అడ్డంగా కోసిన క్యాను. సరస్సు లోతు సగటున ఒక మీటరే కాబట్టి ఇంజను పూర్తిగా చచ్చినా గెడ వేసుకుంటూ గట్టుకు చేరవచ్చు. అలాగని లోతు తక్కువన్న ధీమా మంచిది కాదు. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్‌లో, తమిళనాడు వైపు, పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. ఏ పనిముట్టూ జాకెట్టుకు బదులు కాదు. తీర రక్షక దళం నంబరు 1554ను జాడీ మూత లోపల చెరగని సిరాతో రాశాను.

ఇరకం దారిలో సగం దూరం కూడా పోకముందే పంకాకు పాత వల చుట్టుకుంది. ఇంజను ఆపి, పొడుగు షాఫ్టును పైకెత్తి పడవ అంచు మీదకు తిప్పుకోవడం ఈ రకం ఇంజనుతో ఉన్న సుఖం. నీళ్లలోకి దిగే పని లేదు. పై పోగులను కత్తి తేలికగా కోసింది గాని, రాపిడి వేడికి కరిగి షాఫ్టుకు అంటుకుపోయిన నైలాను ముద్దను సగం బ్లేడుతో నిదానంగా గీకి తీయవలసి వచ్చింది. ఆ వల తగిలినప్పుడు పడవ కుదిపిన కుదుపుకు డీజిలు గొట్టం క్లిప్పు వదులై గాలి పీల్చుకున్నట్టుంది. మళ్లీ తాడు లాగితే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

క్లిప్పు బిగించాక, లోపల చిక్కిన గాలి బయటికి పోయేటట్టు ఫిల్టరు మీది బోల్టును ఒకటి రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు మీటను ఆడిస్తూ ఉంటే మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు నిండు ధారగా డీజిలు వచ్చింది. బుడగ ఒక్కటి కూడా లేదని తేలాకే బోల్టు బిగించాలి. ఈ పని నేను చేయకుండా తమ్ముడి చేత చేయించాను, ఎందుకంటే ఎల్లుండి నడినీళ్లలో ఉండేది అతడే. పాత రాగి వాషరు అణిగిపోయి చెమ్మ కారుతుంటే కొత్తది వేశాడు. రాజహంసల గుంపు చాలా దూరాన ఉంది. వాటి దగ్గరకు పడవ పోనివ్వడం అతడికి ఇష్టం ఉండదు, అది నాకు నచ్చింది.

ఇరకంలో అన్నం తిన్నాక జాడీని చాప మీద బోర్లించి మళ్లీ చూశాం. అతడు సర్దుబాటు పానాను తీసేద్దామన్నాడు. తుప్పుకు అంచులు అరిగిన నట్టుకు రింగు పానా పట్టని రోజు వస్తుందని నేను ఒప్పుకోలేదు. అతడు తనంతట తాను తెచ్చి వేసిన సుత్తిని మాత్రం తీయించి, ఆ చోటులో తలకు తగిలించుకునే టార్చిని పెట్టించాను. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే చీకట్లో గాలి తీయడం సాధ్యం కాదు. సుత్తి పని రింగు పానా వెనక వైపు చేస్తుంది.

సాయంత్రం రేవులో పనిముట్లన్నిటినీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఇంజను ఆయిలు ముంచిన గుడ్డతో తుడిచి జాడీలో పెట్టాం. వాడిన వాషరుకు బదులు రెండు కొత్తవి తడలోనే దొరికాయి. నేను బస్సెక్కే ముందు వాటిని కట్టుతీగకు గుచ్చి తమ్ముడి చేతికి ఇచ్చాను.