అత్తమ్మ కూర్చునే సీటు

మా బండిని కాలనీ పిల్లలు అంబులెన్స్ అంటారు. తెల్లరంగు, పొడుగాటి వెనకభాగం, అనకేం చేస్తారు పాపం! 2004లో వచ్చిన టాటా ఇండిగో మెరీనా మోడల్ అది. ఇలా వెనక సామాను చోటుతో పొడుగ్గా ఉండే కార్లను ఎస్టేట్ బండ్లు అంటారు. 1992లోనే టాటా ఎస్టేట్ ఉండేది, ఆ తర్వాత బలేనో ఆల్టురా, ఆక్టేవియా కాంబీ కూడా వచ్చాయి. మనవాళ్ళ కంటికి ఒక్కటీ ఆనలేదు.

"ఎత్తు బండి తీసుకోండి వదినా, అమ్మకు కుదుపులు తెలియవు" అని మా మరిది పోరు. ఎత్తుగా ఉంటే బండి అడుగు గీసుకోదు, ఎక్కి దిగడానికి మోకాళ్ళకు సుఖం. అంతవరకు ఒప్పుకుంటాను. కుదుపు సంగతి వేరు. ఒకపక్క చక్రం గుంతలో పడితే ఎత్తు బండిలో తల ఎక్కువ ఊగుతుంది. నడుంనొప్పి ఉన్న మనిషికి ఆ ఊపు ఇంకా కష్టం.

అత్తమ్మ కూర్చునేది ఎప్పుడూ వెనక ఎడమ సీట్లోనే. ముందు కూర్చోమంటే బస్సులు మీదికొస్తున్నట్టు ఉంటుందంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యలో ఉన్నవాళ్ళకు కుదుపు తక్కువ తెలుస్తుంది, ఆమె సీటేమో దాదాపు వెనక చక్రం మీదే. సైనిక్‌పురి నుంచి ఈసీఐఎల్ దాకా "రోడ్డు బాగానే ఉందిగా" అని నేను అనుకునే చోట్ల కూడా "మెల్లగ పోనియ్యమ్మా, నడుము పట్టేస్తున్నది" అని వెనక నుంచి వినిపిస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తున్న స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. దాన్ని 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటొచ్చు. మా సందులోవి ఇళ్ళు కట్టగా మిగిలిన సిమెంటుతో ఎవరికి వారు పోసుకున్నవి, అడుగున్నర వెడల్పుంటే ఎక్కువ. వాటి దగ్గర ఏ సస్పెన్షన్, అంటే స్ప్రింగులూ షాకప్‌లూ, చేసేదీ పెద్దగా ఉండదు. ముందే బ్రేక్ వేసి, సరిగ్గా ఎక్కేముందు కాలు తీసేయాలి. బ్రేక్ నొక్కి ఉంచితే బరువంతా ముందుకు పడి స్ప్రింగు అప్పటికే అణిగి ఉంటుంది, ఇక దెబ్బను అదేం తీసుకుంటుంది?

ఆడబిడ్డ ఇల్లు రాజేంద్రనగర్‌లో. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, ఒక్క గుంత ఉండదు. కానీ జాయింట్లు వచ్చినప్పుడల్లా ధడ్, ధడ్. బండి నిదానంగా, సెకనుకు ఒకసారి చొప్పున ఊగితే ఒంటికి ఇబ్బంది లేదు. సెకనుకు 4 నుంచి 8 సార్లు కిందికీ పైకీ అదిరితేనే మనిషికి అస్సలు పడదు. ఇలాంటి చిన్న, గట్టి దెబ్బలను ముందు మింగాల్సింది టైరు. మావి 175/65 ఆర్14, అంటే టైరు వెడల్పు 175 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్కగోడ, దాదాపు 114 మిల్లీమీటర్లు. అందం కోసం పెద్ద అలాయ్ చక్రాలు, సన్న టైర్లు వేయిస్తే తగ్గేది ఆ గోడే.

గాలి కొట్టే అబ్బాయి ఏ బండి వచ్చినా "35 కొట్టనా మేడమ్?" అంటాడు. డ్రైవర్ డోరు తీసి స్టిక్కర్ చూపించాను. ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి ఒక లెక్క అందులో రాసే ఉంటాయి. "తక్కువుంటే మైలేజ్ రాదు మేడమ్" అన్నాడు. రాకపోతే రాకపోనీ, స్టిక్కర్‌లో ఉన్నదే పెట్టు అన్నాను.

ఎస్టేట్ బండికి ఇంకో గుణం ఉంది. సామాను మోయాలి కదా అని వెనక స్ప్రింగులు కాస్త గట్టిగా పెడతారు, అందుకే ఖాళీగా ఉంటే ఎగురుతుంది. జనగామ నుంచి బియ్యం బస్తాలు వేసుకొచ్చిన రోజు అదే బండి పల్లకీలా వచ్చింది. "ఇయ్యాల మంచిగున్నది, రోడ్డు ఏసిన్రా?" అని అడిగింది అత్తమ్మ. రోడ్డు ఎప్పటిదే.

మొన్న మరిది మాట తీసేయలేక షోరూంకి వెళ్ళాం. బండి బాగుంది, 17 అంగుళాల చక్రాలు, పైన అద్దం. అత్తమ్మను వెనక కూర్చోబెట్టి మా సందులో ఒకసారి తిప్పుతానన్నాను. మెయిన్ రోడ్డు మీద ఒక రౌండే ఇస్తామన్నారు. ఆదివారం బండి ఇంటికే పంపితే చూద్దామని చెప్పి వచ్చేశాను. ఈలోపు మా మెరీనాకు వెనక షాకప్‌లు, రబ్బరు బుష్‌లు మార్చమని మెకానిక్‌కు చెప్పాను.