నల్ల గిన్నెలో మొదటి ధారలు

"ఆగన్నా, ఈ ఆవు పాలు క్యాన్‌లో పొయ్యకు!" అంది పాలు పిండే అక్క.

పొద్దున్నే చేవెళ్ల దగ్గర తెలిసినవాళ్ల కొట్టంలో ఉన్నా. అక్క ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూస్తోంది. ఒకదాంట్లో విరిగిన పాలలా సన్నటి తెల్ల పలుకులు. పొదుగువాపు మొదలైందన్నమాట. ఆవేమో హాయిగా నెమరేస్తోంది, పైకి ఏమీ తెలీదు. తెల్ల గిన్నెలో అయితే ఆ పలుకులు నా కంటికి ఆనేవే కాదు.

మందు వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టర్ చెప్పిన గడువు దాకా ఆ పాలు అమ్మకూడదు. ఎంత నష్టం! అయినా అక్క క్షణం కూడా తటపటాయించలేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సిటీలో మనం లీటరుకి రెండు రూపాయలు పెరిగితే గొడవ పడతాం. పచ్చిపాలే బలం అని కాచకుండా తాగేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా సోకిన పశువు పాలు అలా తాగితే వారాల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. దయచేసి కాచుకుని తాగండి.

పెయ్యదూడలకి 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయిస్తారు. 2019లో మొదలైన జాతీయ పథకం కింద అది ఉచితం. అక్క తన పెయ్యలకి వేయించింది. మా పాలాయన్ని కూడా రేపే అడుగుతా.