తిరుపతి ల్యాబ్‌లో అడాప్టివ్ ఆప్టిక్స్ బెంచి: నా అనుభవం

గాలి వల్ల చెదిరే నక్షత్రాల వెలుగును అప్పటికప్పుడు సరిదిద్దే పద్ధతి అడాప్టివ్ ఆప్టిక్స్. దాన్ని టేబుల్ మీద పరీక్షించే ఈ బెంచిలో అసలు పని అలైన్‌మెంటే, అంటే అద్దాలూ లెన్సులూ సరైన చోట అమర్చడమే. డిఫార్మబుల్ మిర్రర్ (ఆకారం మార్చుకునే అద్దం) ప్రతిబింబం సరిగ్గా సెన్సారులోని లెన్స్‌లెట్ల (బుల్లి లెన్సుల) మీద పడకపోతే ఎంత మంచి కోడ్ రాసినా లూపు, అంటే కొలవడం-సరిదిద్దడం అనే చక్రం, నిలవదు.

మా మిర్రర్‌లో 12×12 వరుసలు, నాలుగు మూలలు పోను 140 యాక్చుయేటర్లు (అద్దాన్ని అక్కడక్కడ పైకీ కిందికీ కదిపేవి). వాటి మధ్య దూరం 0.4 మి.మీ., కాబట్టి అద్దంలో పనికొచ్చే వెడల్పు 4.4 మి.మీ. వెలుగు తరంగం వంకరలను కొలిచే షాక్-హార్ట్‌మన్ సెన్సారులో లెన్స్‌లెట్ల మధ్య దూరం 0.15 మి.మీ. అడ్డంగా 11 గళ్లు సరిపోవాలంటే కిరణం 1.65 మి.మీ.కు తగ్గాలి. 200, 75 మి.మీ. లెన్సుల జత దానికి అచ్చంగా కుదిరింది. మిర్రర్ నుంచి మొదటి లెన్సుకు 200, లెన్సుల మధ్య 275, చివర లెన్స్‌లెట్లకు 75.

స్కేలుతో కొలిచి ఊరుకుంటే చాలదు. మిర్రర్ మౌంటు స్క్రూ కొద్దిగా తిప్పండి. సెన్సారులో ఒక్కో లెన్స్‌లెట్ వేసే వెలుగు చుక్కలన్నీ కలిసి జరగాలి, వెలుగు వృత్తం అంచు మాత్రం కదలకూడదు. అంచు కూడా జరిగిందంటే లెన్స్‌లెట్లు ముందుకో వెనక్కో ఉన్నట్టే. తర్వాత మధ్యలో ఒక్క యాక్చుయేటర్‌ను లేపి చూడండి. చుట్టూ ఉన్న నాలుగు చుక్కలూ ఐమూలగా, సమానంగా జరగాలి. ఒకవైపు రెండే గట్టిగా జరిగితే సెన్సారును పక్కకు సర్దాలి.

కాలిబ్రేషన్‌లో, అంటే ఏ యాక్చుయేటర్‌కు చుక్కలు ఎంత జరుగుతాయో కొలిచి మాట్రిక్స్ అనే పట్టికగా రాసుకునేటప్పుడు, ప్రతి యాక్చుయేటర్‌నూ పైకీ కిందికీ కదిపి, తేడాలో సగం తీసుకుంటాను. మధ్యలో వచ్చే డ్రిఫ్ట్ చాలావరకు అలా కొట్టుకుపోతుంది. లూపు నడపడం మొదలుపెట్టాక నక్షత్రంలా పెట్టిన వెలుగు చుట్టూ నాలుగు మూలల్లో అదనపు చుక్కలు లేస్తే అది వాఫుల్ మోడ్. చదరంగం గళ్లలా ఒకటి పైకి, ఒకటి కిందికి లేచే ఆ ఆకారం సెన్సారుకు కనపడదు, అందుకే పేరుకుంటుంది. సెన్సారుకు బలహీనంగా కనపడే మోడ్లను (అద్దం ఆకారాలను) మాట్రిక్స్‌లోంచి తీసేసి, లీక్ 0.99 పెడితే (ప్రతి చుట్టులో పాత సవరణలో 99 శాతమే ఉంచితే) తగ్గుతుంది.

గాలి అల్లకల్లోలాన్ని అనుకరించే తిరిగే పలక, ఫేజ్ స్క్రీన్. దాని ఆర్-నాట్ (వెలుగు పెద్దగా చెదరని వెడల్పు) 0.6 మి.మీ. బెంచిని 1 మీటరు టెలిస్కోపు అనుకుంటే (తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఆ సైజుది ఉంది) అది సుమారు 14 సెం.మీ. మా లూపు 100 హెర్ట్జ్ (సెకనుకు 100 సార్లు), అందులో సరిదిద్దగలిగేది 5 హెర్ట్జ్ దాకానే. అందుకని స్క్రీన్‌ను 30 మి.మీ. వ్యాసార్ధం దగ్గర నిమిషానికి 2 చుట్లే తిప్పుతాం. ఇది ఆకాశంలో సెకనుకు 1.4 మీటర్ల గాలితో సమానం. 10 మీటర్ల గాలికి దాదాపు 700 హెర్ట్జ్ లూపు కావాలి.

స్క్రీన్ ఆపినా చుక్కలు వణికితే ఏసీని అనుమానించండి. మే నెలలో ఏసీ ఆపడం కుదరదు, టేబుల్‌కు నల్ల ఫోమ్‌బోర్డు పెట్టె తప్పదు. ల్యాప్‌టాప్ అడాప్టర్ ఆ పెట్టె బయటే ఉండాలి. నవంబరు వానల్లో గాజు కిటికీ లేని మెమ్స్ (సూక్ష్మ యంత్ర భాగాలున్న) మిర్రర్‌కు వోల్టేజీ ఇవ్వకండి, తేమకు ఎలక్ట్రోడ్లు తినేసుకుపోతాయి. ముందు పొడిగాలి పంపాలి. మిర్రర్‌కు వోల్టేజీలు ఇచ్చే డ్రైవర్ యూపీఎస్ మీదే ఉండాలి. కరెంటు పోగానే లూపు ఆపి, వోల్టేజీలు మెల్లగా సున్నాకు దించి, ఆ తర్వాతే స్విచ్ కట్టేయాలి.